రైళ్లు ఆగకుండా రైల్వే స్టేషను కట్టడం ఎలా?

ఇల్లు ఇరుకైపోతే పెద్దవాళ్లు ఏం చేస్తారు? పక్క వీధిలో ఒక ఇల్లు అద్దెకు తీసుకుంటారు. సామానంతా అక్కడికి చేర్చి, పాత ఇంటిని పడగొట్టి, కొత్తది కట్టుకుంటారు. గృహప్రవేశం చేసుకుని తిరిగి వస్తారు. మరి రైల్వే స్టేషను ఇరుకైపోతే? రైళ్లను నాలుగేళ్లపాటు పక్క వీధిలో ఉండమనడం కుదరదు కదా! పట్టాలు ఎక్కడున్నాయో బండి అక్కడికే రావాలి. ఒక పక్క ప్రయాణీకులు ఎక్కుతూ దిగుతూ ఉండాలి, మరో పక్క అదే స్టేషనును విప్పి తిరిగి కట్టాలి.

ఇటువంటి పనిని ఇంగ్లండులోని ఒక పట్టణంలో ఎలా చేశారో తెలుసుకుందాం. ఆ ఊరి పేరు రెడ్డింగ్. ఇంగ్లీషు స్పెల్లింగు చూస్తే 'రీడింగ్' అని చదవాలనిపిస్తుంది కాని, అక్కడివాళ్లు పలికేది 'రెడ్డింగ్' అనే. లండన్‌కు పడమరగా సుమారు 58 కిలోమీటర్ల దూరంలో, థేమ్స్ నది పక్కన ఉంది.

ఒకే పక్క రెండు స్టేషన్లు

రెడ్డింగ్‌కు మొదటి రైలు 1840 మార్చి 30న వచ్చింది. లండన్ నుంచి బ్రిస్టల్ రేవు వరకు వేస్తున్న గ్రేట్ వెస్టర్న్ రైలుమార్గం అది. దాని ఇంజనీరు ఇసంబార్డ్ కింగ్డమ్ బ్రూనెల్. అందరికంటె భిన్నంగా ఆలోచించే మనిషి. తన రైలుపట్టాల మధ్య ఎడం 2 మీటర్లకు మించి, 2.14 మీటర్లు ఉండాలని పట్టుబట్టాడు. మన దేశంలోని బ్రాడ్‌గేజి ఎడం 1.676 మీటర్లే అని గుర్తుంచుకుంటే, అదెంత వెడల్పో తెలుస్తుంది.

రైలు రావడానికి ఆరు రోజుల ముందే ఆ స్టేషను ఒక ప్రాణాన్ని బలి తీసుకుంది. మార్చి 24న అక్కడ పని చేస్తున్న హెన్రీ వెస్ట్ అనే 24 ఏళ్ల యువకుడు సుడిగాలి వల్ల మరణించాడు. అతని జ్ఞాపకార్థం పెట్టిన చెక్క ఫలకం ఆ ఊరి సెయింట్ లారెన్స్ చర్చి ఆవరణలో ఉంది. పెద్ద కట్టడాలను తలచుకున్నప్పుడు ఇంజనీరు పేరే మనకు గుర్తుకొస్తుంది. చేతులతో కట్టినవాళ్ల పేర్లు ఇలా ఎక్కడో ఒక ఫలకం మీద మాత్రమే మిగులుతాయి.

ఇక స్టేషను సంగతి. ఆ రోజుల్లో ఊరంతా పట్టాలకు దక్షిణాన ఉండేది. కాబట్టి ప్రయాణీకులు పట్టాలు దాటే అవసరం లేకుండా బ్రూనెల్ ఒక ఏర్పాటు చేశాడు. పడమరకు వెళ్లే బండ్లకు ఒకటి, తూర్పున లండన్‌కు వెళ్లే బండ్లకు మరొకటి, రెండు ప్లాట్‌ఫారాలనూ ఊరివైపే, అంటే దక్షిణం వైపే, వరసగా కట్టించాడు.

ప్రయాణీకులకు సుఖంగానే ఉంది. మరి బండికి? ఒక కాగితం తీసుకుని బొమ్మ గీయండి. ఇంగ్లండులోనూ మనలాగే బండ్లు ఎడమవైపు పట్టాల మీద నడుస్తాయి. పడమరకు వెళ్లే బండికి ఎడమ చేయి దక్షిణం. కాబట్టి దాని దారి ప్లాట్‌ఫారం పక్కనే ఉంటుంది. లండన్‌కు వెళ్లే బండికి ఎడమ చేయి ఉత్తరం. అది ప్లాట్‌ఫారానికి రావాలంటే ఎదురు బండ్ల దారిని అడ్డంగా దాటాలి. బయలుదేరి వెళ్లేటప్పుడు మళ్లీ ఒకసారి దాటాలి. బండ్లు తక్కువగా వచ్చే కాలంలో దీనివల్ల పెద్దగా నష్టం లేదు. బండ్లు పెరిగేకొద్దీ అదే పెద్ద చిక్కయింది. చివరకు 1890లలో స్టేషనును మార్చి, పట్టాలకు రెండు పక్కలా ప్లాట్‌ఫారాలు కట్టారు.

ఔటర్‌లో నిలిచిన బండి

వంద సంవత్సరాలు గడిచేసరికి కథ మళ్లీ మొదటికి వచ్చింది. రెడ్డింగ్ పెద్ద జంక్షన్ అయింది. లండన్ నుంచి పడమటి ఇంగ్లండుకు, వేల్స్‌కు వెళ్లే వేగపు బండ్లు, ఉత్తరాన బర్మింగ్‌హామ్ నుంచి దక్షిణ తీరానికి వచ్చే బండ్లు, సౌతాంప్టన్ రేవు నుంచి కంటెయినర్లు మోసుకొచ్చే గూడ్సు బండ్లు, అన్నీ ఇక్కడ కలుస్తాయి. కాని నేరుగా సాగిపోయే బండ్లు ఆగడానికి ఉన్న ప్లాట్‌ఫారాలు చాలా తక్కువ.

పైగా, బర్మింగ్‌హామ్ నుంచి దక్షిణ తీరానికి వెళ్లే బండ్లు ఇక్కడ దిక్కు మార్చుకుంటాయి. మీలో విశాఖపట్నం మీదుగా ప్రయాణం చేసినవారికి ఇది తెలిసే ఉంటుంది. విజయవాడ నుంచి హౌరా వైపు వెళ్లే బండి విశాఖ స్టేషనుకు వచ్చాక, వచ్చిన వైపుకే తిరిగి బయలుదేరుతుంది. అందుకే కొన్ని బండ్లు విశాఖ లోపలికి రాకుండా దువ్వాడ మీదుగా వెళ్లిపోతాయి. ఇలా దిక్కు మారే బండి మామూలు బండి కంటె ఎక్కువ సేపు ప్లాట్‌ఫారాన్ని పట్టుకుని ఉంటుంది.

అన్నిటికంటె పెద్ద చిక్కు స్టేషనుకు పడమరన ఉండేది. దక్షిణం నుంచి వచ్చే గూడ్సు బండి, ఉత్తరం పక్కనున్న నెమ్మది బండ్ల పట్టాల మీదికి చేరాలంటే, మధ్యలో ఉన్న వేగపు బండ్ల పట్టాలను దాటాలి. లెక్క వేసి చూద్దాం. గూడ్సు బండి పొడవు 600 మీటర్లు, దాటవలసిన చోటు 100 మీటర్లు అనుకోండి. బండి గంటకు 40 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకండుకు సుమారు 11 మీటర్ల చొప్పున కదులుతుంది. తల దాటింది మొదలు తోక దాటేవరకు 700 మీటర్లు. నిమిషానికి పైగా పడుతుంది.

"ఒక్క నిమిషమేగా!" అనిపిస్తుంది. కాని గంటకు 200 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆగాలంటే దాదాపు 2 కిలోమీటర్ల దూరం కావాలి. కాబట్టి గూడ్సు బండి దాటడానికి చాలా ముందే వేగపు బండికి ఎర్ర సిగ్నలు చూపించాలి. పాయింట్లు మార్చాలి. దాటిన తరువాత మళ్లీ సరిచేయాలి. ఇలా ఒక్క నిమిషం కాస్తా అనేక నిమిషాలవుతుంది. వెనుక వచ్చే బండి, దాని వెనుక బండి, అన్నీ ఔటర్‌లో నిలబడతాయి. రెడ్డింగ్‌లో జరిగిన ఆలస్యం సాయంత్రానికి వేల్స్ దాకా పాకుతుంది.

బండ్ల దారులు ఒకదానికొకటి అడ్డం వచ్చే చోట ఆలస్యమొక్కటే కాదు, ప్రమాదమూ పొంచి ఉంటుంది. ఇదే రైలుమార్గంలో లండన్ చివర, లాడ్‌బ్రోక్ గ్రోవ్ అనే చోట 1999 అక్టోబరు 5న ఒక బండి ఎర్ర సిగ్నలు దాటి, ఎదురుగా వస్తున్న వేగపు బండిని ఢీకొంది. 31 మంది చనిపోయారు. దారులు కలవకుండా చేయగలిగిన చోట, ఆ పనిని సిగ్నళ్లకే వదలకపోవడం మంచిది.

పైకి ఎక్కవలసింది ఎవరు?

రెండు దారులు కలవకూడదంటే ఒకటి పైనుంచి, ఒకటి కిందినుంచి పోవాలి. రోడ్ల మీద ఫ్లైఓవర్లు చూస్తున్నాం కదా, అదే ఉపాయం. అయితే ఎవరిని పైకి పంపాలి? గూడ్సు బండినా, వేగపు బండినా?

దీనికి మీ భౌతికశాస్త్రం పుస్తకమే జవాబు చెబుతుంది. కదిలే వస్తువుకు గతిజశక్తి ఉంటుంది. ఎత్తు ఎక్కుతున్నప్పుడు అది స్థితిజశక్తిగా మారుతుంది. ఇంజను ఆపేసి, ఘర్షణను పక్కన పెడితే, బండి ఎంత ఎత్తు ఎక్కగలదో తెలుసుకోవడానికి దాని వేగం వర్గాన్ని గురుత్వ త్వరణానికి రెట్టింపుతో భాగించాలి. బరువు లెక్కలోకి రాదు.

గంటకు 160 కిలోమీటర్లు అంటే సెకండుకు 44.4 మీటర్లు. దాని వర్గం సుమారు 1,975. దానిని 19.6తో భాగిస్తే 100 మీటర్లు! గంటకు 40 కిలోమీటర్లు అంటే సెకండుకు 11.1 మీటర్లు. వర్గం సుమారు 123. 19.6తో భాగిస్తే 6.3 మీటర్లు మాత్రమే.

కింద ఒక రైలు పట్టాలంత చోటు, పైన వంతెన మందం కలిపి 7 మీటర్ల ఎత్తు కావాలనుకోండి. వేగపు బండి తన ఊపుతోనే ఆ ఎత్తును ఎక్కేస్తుంది. వేగం 160 నుంచి సుమారు 154కు తగ్గుతుంది, అంతే. గూడ్సు బండి ఊపు మాత్రం పైదాకా చాలదు. మిగతాదంతా ఇంజను లాగాలి. 1,500 టన్నుల గూడ్సు బండి 100 మీటర్లకు 1 మీటరు చొప్పున లేచే వాలు మీద ఉంటే, అదనంగా 15 టన్నుల బరువుకు సమానమైన లాగుడు కావాలి. వాలు మీద ఆగిపోతే తిరిగి కదిలించడం ఇంకా కష్టం.

అందుకే రెడ్డింగ్ ఇంజనీర్లు వేగపు బండ్ల పట్టాలను వంతెన మీదికి ఎత్తి, గూడ్సు బండ్లకు కింది దారి వదిలారు. పై వాలుతోనే లెక్క వేస్తే, 7 మీటర్ల ఎత్తుకు ఒక్కొక్క పక్క 700 మీటర్ల వాలుదారి కావాలి. రైలు ఫ్లైఓవర్లు కిలోమీటరు దాటి ఎందుకు సాగుతాయో తెలిసిందా?

ఖాళీ గడి ఆట

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. బండ్లు నడుస్తుండగా ఇదంతా ఎలా కట్టారు?

పదిహేను పలకల ఆట మీరు ఆడే ఉంటారు. పదహారు గడుల చట్రంలో పదిహేను పలకలుంటాయి. ఒక్క గడి ఖాళీ. ఆ ఖాళీలోకి ఒక్కొక్క పలకనూ జరుపుతూ అన్నిటినీ వరసలో పెట్టాలి. ఆ ఖాళీ గడి లేకపోతే ఏ పలకా కదలదు. స్టేషను కట్టడంలోనూ మొదట ఖాళీ గడిని సంపాదించాలి.

ముందు సిగ్నళ్లు. 2010లో ఆ ప్రాంతపు సిగ్నళ్ల అదుపును పాత క్యాబిను నుంచి డిడ్‌కాట్ అనే ఊరిలోని కొత్త కేంద్రానికి మార్చారు. మెదడును ముందు భద్రమైన చోటికి చేర్చారన్నమాట. ఆ తరువాత కొత్త పట్టాలకు చోటు కోసం, 2010 చివర క్రిస్మస్, కొత్త సంవత్సరం సెలవులలో, స్టేషను పక్కన కావర్షమ్ రోడ్డు మీదున్న రైలు వంతెనను మార్చారు. ఆ రోజులనే ఎందుకు ఎంచుకున్నారంటే, క్రిస్మస్ నాడు ఇంగ్లండులో రైళ్లు నడవవు. ఏడాదిలో పట్టాలు ఖాళీగా దొరికే రోజు అదే.

స్టేషనుకు ఉత్తరాన కొత్త ప్లాట్‌ఫారాలు కట్టారు. 2013లో ఈస్టర్ సెలవులప్పుడు వాటిని తెరిచారు. ఖాళీ గడి దొరికింది! కొన్ని బండ్లను అక్కడికి పంపి, పాత ప్లాట్‌ఫారాలను ఒక్కొక్కటిగా బాగుచేశారు. ఫ్లైఓవరు కట్టవలసిన చోట బండ్ల మరమ్మతు షెడ్డు ఉండేది. 2013లోనే పట్టాలకు ఉత్తరాన కొత్త షెడ్డు కట్టి, పాతదానిని తొలగించారు. ఖాళీ అయిన ఆ నేల మీద ఫ్లైఓవరు లేచింది.

ప్రయాణీకులు ఒక ప్లాట్‌ఫారం నుంచి మరొకదానికి వెళ్లడానికి సుమారు 30 మీటర్ల వెడల్పున, వీధిలాంటి పైవంతెన కట్టారు. ఎస్కలేటర్లు, లిఫ్టులు పెట్టారు. కర్ర ఊతంతో నడిచే ముసలివారూ చక్రాల కుర్చీలో వచ్చేవారూ మెట్లు ఎక్కకుండానే ఒక ప్లాట్‌ఫారం నుంచి మరొకదానికి వెళ్లవచ్చు. బండి మారే హడావుడిలో వస్తువులు పోగొట్టుకోవడం ఎక్కడైనా ఉన్నదే. 1919లో టి. ఇ. లారెన్స్ అనే ప్రసిద్ధ రచయిత ఇదే స్టేషనులో బండి మారుతూ తన పుస్తకం రాతప్రతిని పోగొట్టుకుని, మళ్లీ రాసుకోవలసి వచ్చింది!

పాత భూగర్భమార్గాన్ని ఊరివాళ్లకు వదిలేశారు. టిక్కెట్టు లేకుండానే ఈ పక్కనుంచి ఆ పక్కకు నడిచి వెళ్లవచ్చు. 1860లలో కట్టిన గడియారపు గోపురం భవనాన్ని పడగొట్టకుండా అలాగే ఉంచారు.

2014 జూలై 17న ఎలిజబెత్ రాణి స్టేషనును ప్రారంభించారు. 2015 జనవరిలో ఫ్లైఓవరు మీద బండ్లు నడవడం మొదలైంది. అనుకున్నదానికంటె ఏడాది ముందే పని ముగిసింది. ఖర్చు దాదాపు 90 కోట్ల పౌండ్లు. స్టేషనులో ఇప్పుడు 15 ప్లాట్‌ఫారాలున్నాయి. వాటిలో 9 ప్లాట్‌ఫారాల మీదుగా బండ్లు నేరుగా సాగిపోతాయి. గంటకు ఒక్కొక్క దిక్కులో కనీసం 4 బండ్లు, రోజుకు 6 గూడ్సు బండ్లు అదనంగా నడపడానికి వీలు కలిగింది. ఆ 6 గూడ్సు బండ్ల సరుకును రోడ్డు మీద మోయాలంటే సుమారు 200 లారీలు కావాలి.

మీరూ చేసి చూడండి

ఒక పొడవైన అట్టను రెండు పుస్తకాల మీద ఆనించి వాలుగా పెట్టండి. కిందినుంచి ఒక గోలీని నెమ్మదిగా దొర్లించండి. తరువాత వేగంగా దొర్లించండి. ఏది పైదాకా చేరింది? వేగం రెట్టింపయితే గోలీ ఎక్కే ఎత్తు ఎన్ని రెట్లవుతుందో పైన చెప్పిన సూత్రంతో లెక్క కట్టండి.

ఈసారి మీ ఊరి స్టేషనుకు వెళ్లినప్పుడు పైవంతెన మీద భద్రంగా నిలబడి చూడండి. పట్టాల దగ్గరికి మాత్రం వెళ్లకండి. ఏ బండి ఏ బండి దారికి అడ్డం వస్తోంది? ఏది ఎందుకు ఆగింది? కాగితం మీద పట్టాల బొమ్మ గీసి, మీరే ఇంజనీరైతే మొదటి ఖాళీ గడిని ఎక్కడ సంపాదిస్తారో ఆలోచించండి.