జనరేటరు బండెక్కించే ముందు... ట్యాంకు ఖాళీ అయితే చాలదు!

కరెంటు పోతే ఆదుకుంటుందని కొన్న చిన్న జనరేటరు, కాలువ నుంచి నీళ్లు తోడే ఆయిలింజను ఇప్పుడు చాలామంది చిన్న రైతుల దగ్గర ఉంటున్నాయి. రిపేరుకు టౌనుకు తీసుకెళ్లడం, బంధువుల ఊరికి పంపడం, సెకండ్ హ్యాండులో కొని లారీలో తెచ్చుకోవడం మామూలే. అయితే ఇంజను నడిపేటప్పుడు పడే జాగ్రత్త, దాన్ని తరలించేటప్పుడు చాలామంది పడటం లేదు.

ఆ మధ్య ఒక రైల్వే పార్సిలు ఆఫీసు దగ్గర కంటపడిన సంగతి ఇది. ఒక పెద్దాయన పెట్రోలు జనరేటరును అల్లుడి ఊరికి పంపుదామని తెచ్చాడు. ట్యాంకులో నూనె ఉంది, తీసుకోం అన్నారు. ఆయన అక్కడే గోడ పక్కన జనరేటరును వంచి పెట్రోలును ప్లాస్టిక్ సీసాలోకి పట్టాడు. సగం నేలపాలైంది. నాలుగు గజాల దూరంలో ఒకాయన బీడీ కాలుస్తున్నాడు. అదృష్టం బాగుండి ఏమీ కాలేదు. "ఇప్పుడు ఖాళీయే కదయ్యా, ఇంకా ఎందుకు తీసుకోరు?" అని పెద్దాయన ప్రశ్న. ఇది చాలామందికి వచ్చే ప్రశ్నే.

ఖాళీ ట్యాంకు ఎందుకు ప్రమాదం?

మండేది పెట్రోలు కాదు, పెట్రోలు ఆవిరి. సున్నాకు 40 డిగ్రీల దిగువన ఉండే చలిలో కూడా పెట్రోలు నుంచి నిప్పు అందుకునేంత ఆవిరి వస్తుంది. ఇక మన ఎండల సంగతి చెప్పనక్కర లేదు. ఈ ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు. అందుకే పైకి పోకుండా నేలబారున పాకి, దూరాన ఉన్న పొయ్యినో బీడీనో అందుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరికి చోటు తక్కువ. అడుగున గుక్కెడు మిగిలిన ట్యాంకులో ఆవిరికి, గాలికి కావలసినంత చోటు. అది మూసిన బోగీలోనో, వ్యానులోనో చేరితే ఒక్క నిప్పురవ్వ చాలు. డీజిలు, కిరోసిను ఇంత తొందరగా అంటుకోవు. కానీ కారి గడ్డికో, గోనె సంచులకో, వేడి సైలెన్సరుకో తగిలితే అవీ అంటుకుంటాయి.

ఓడల్లో, విమానాల్లో సరుకు పంపే అంతర్జాతీయ నిబంధనల్లోనూ నూనెతో నడిచే ఇంజను ప్రమాదకర సరుకుల జాబితాలో ఉంది. 2017 నుంచి వీటికి విడి నంబర్లు ఇచ్చారు. పెట్రోలు వంటి నూనెలతో నడిచేవాటికి 3528, గ్యాసుతో నడిచేవాటికి 3529. విదేశం నుంచి వచ్చిన ఇంజను పెట్టె మీద ఈ అంకెలు కనబడితే అర్థం అదే.

మన చట్టం ఏమంటోంది?

రైలు: 1989 నాటి రైల్వే చట్టం 67వ సెక్షన్ ప్రకారం ప్రమాదకర సరుకును ముందుగా రాతపూర్వకంగా తెలపకుండా, పైన గుర్తు వేయకుండా రైల్లో తీసుకెళ్లరాదు. ఉల్లంఘిస్తే 164వ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, లేదా వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. జరిగిన నష్టం కూడా కట్టుకోవాలి. 2023 ఆగస్టు 26న మదురై స్టేషను దగ్గర ఆగి ఉన్న యాత్రికుల బోగీలో మంటలు లేచి 9 మంది చనిపోయారు. రహస్యంగా తెచ్చుకున్న గ్యాసు సిలిండరే దానికి కారణమని రైల్వే తెలిపింది. ఎవరికీ చెడు చేద్దామని తెచ్చింది కాదు. కాఫీ, టీలు కాచుకోవడానికి తెచ్చుకున్నదే.

నూనె: 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం పెట్రోలు 'ఎ' తరగతి, డీజిలు, కిరోసిను 'బి' తరగతి. అమ్మకానికి కాకుండా సొంతానికి 30 లీటర్ల వరకు పెట్రోలు తీసుకెళ్లడానికి లైసెన్సు అక్కర లేదు. అయితే డబ్బా లోహానిది అయి ఉండాలి, గట్టి మూత ఉండాలి, ఒక్కొక్కటి 25 లీటర్లు మించరాదు. గాజు సీసా అయితే ఒక లీటరే. ఆ సెక్షన్‌లో ప్లాస్టిక్ సీసా మాటే లేదు. డీజిలు అయితే మొత్తం 2,500 లీటర్ల వరకు లైసెన్సు లేకుండా తెచ్చుకోవచ్చు. ఈ మినహాయింపు సొంత బండిలో తెచ్చుకునేవారికి అక్కరకొస్తుంది గానీ, డబ్బా పట్టుకుని బస్సెక్కడానికి కాదు. పదిమంది కూర్చునే బస్సులోకి పెట్రోలు డబ్బా ఎక్కించనే కూడదు.

బండెక్కించే ముందు చేయవలసినవి

1. ఇంజను పూర్తిగా చల్లారిన తర్వాతే నూనె తీయాలి. ఆరుబయట, పొయ్యికి, దీపానికి, స్విచ్చులకు దూరంగా తీయాలి. బీడీ, చుట్ట దగ్గరకు రానివ్వకూడదు.

2. నూనెను ఇనుప డబ్బాలోకి పట్టాలి. డబ్బాను నేల మీద పెట్టే నింపాలి. ట్రాలీలోనో, ఆటోలోనో ఉంచి నింపితే రాపిడి కరెంటు నిప్పురవ్వ పుట్టించవచ్చు.

3. ట్యాంకుతో పని అయిపోదు. పైపులో, కార్బురేటరు గిన్నెలో కూడా పెట్రోలు నిలిచి ఉంటుంది. గిన్నె అడుగున ఉండే స్క్రూ వదులు చేసి దాన్ని కూడా తీసేయాలి.

4. మూత తీసి ట్యాంకును కొన్ని గంటలపాటు గాలికి ఆరనివ్వాలి. వాసన పోయాక మూత బిగించి, కాక్ మూసేయాలి.

5. బ్యాటరీ ఉంటే ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ వైరు ఊడదీయాలి. కొసలకు టేపు చుట్టాలి. పానాలు, గొలుసులు దాని మీద పడితే నిప్పు రవ్వలు లేస్తాయి. లోపల ఉండేది యాసిడ్ కాబట్టి బ్యాటరీని నిటారుగానే ఉంచాలి. ఒంటి మీద పడితే వెంటనే మంచి నీళ్లతో ధారగా చాలాసేపు కడగాలి.

6. ఇంజనును పడుకోబెట్టకూడదు. నిటారుగా నిలిపి, కింద చెక్కలు పెట్టి, నాలుగు వైపులా మోకులతో కట్టాలి. దాని పక్కన గడ్డి, ఎరువుల బస్తాలు, పురుగుమందులు వేయరాదు. మనుషులను ఎక్కించరాదు.

7. మూసిన వ్యానులోనో, కొట్టంలోనో ఇంజను స్టార్ట్ చేసి చూడకూడదు. పొగలోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ లేదు, వాసనా లేదు, మనిషి తెలియకుండానే ప్రాణం పోతుంది.

8. పెట్రోలు మంట మీద నీళ్లు పోయకూడదు. పెట్రోలు నీటి మీద తేలి మంట ఇంకా పాకుతుంది. బండిలో బకెట్ ఇసుక గానీ, పొడి మందు ఉండే మంటలార్పే సిలిండరు గానీ ఉంచుకోవాలి.

దాచిపెట్టవద్దు

లారీ ఆఫీసులో "ఇనుప సామాను" అని రాయించి ఇంజను పంపేవాళ్లు ఉన్నారు. కిరాయి పదో పాతికో తగ్గవచ్చు. కానీ దారిలో ఏమైనా జరిగితే లారీ డ్రైవరుకు లోపల ఏముందో తెలియదు. పరిహారం అడగబోతే సరుకు పేరే తప్పు అంటారు. కాబట్టి రసీదు మీద ఇంజను అని, నూనె తీసేశాం అని స్పష్టంగా రాయించండి. బ్యాటరీ వెంట పోతుంటే అది కూడా చెప్పండి. ఏ డ్రైవరైనా, ఏ పార్సిలు గుమస్తా అయినా వద్దంటే వాదన పెట్టుకోకుండా కారణం అడిగి, సరిచేసుకుని రండి.

ఆ రోజు పార్సిలు ఆఫీసు దగ్గరి పెద్దాయన జనరేటరును ఇంటికి తీసుకుపోయి, రాత్రంతా ఆరబెట్టి, మర్నాడు తెచ్చాడు. తీసుకున్నారు. ఒక రోజు ఆలస్యమైంది, అంతే. జనరేటరు పోతే అప్పో సప్పో చేసి మళ్లీ కొనుక్కోవచ్చు. మనిషి పోతే కొనుక్కోలేం కదా!