క్లచ్ లేని కారుకు ఆయిలే ప్రాణం

నందిని (భిలాయ్): ఇనుప ఖనిజాన్ని కరిగించేటప్పుడు అందులోని మలినాలను లోహమలంగా వేరు చేయడానికి సున్నపురాయి తప్పనిసరి. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందం మేరకు నిర్మితమై, 1959 ఫిబ్రవరిలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించుకున్న భిలాయ్ ఉక్కు కర్మాగారానికి ఆ రాయిని సమకూర్చిన గనుల ఊరు నందిని. ఇటువంటి ఓపెన్‌కాస్ట్ గనుల్లో పదుల టన్నుల రాయిని మోస్తూ వాలుదారులు ఎక్కే భారీ డంపర్లను ఎరిగినవారికి క్లచ్ పెడల్ లేని వాహనం వింతేమీ కాదు. ఇంజన్ శక్తిని ఆయిల్ ద్వారా చక్రాలకు చేర్చే టార్క్ కన్వర్టర్ గనుల యంత్రాలకు దశాబ్దాలుగా పరిచితం. మధ్యతరగతి కుటుంబాల కార్లలోకి ఆటోమేటిక్ గేర్లు రావడం మాత్రం ఇటీవలి పరిణామమే.

2014లో మారుతి సుజుకి సెలెరియో కారుతో తక్కువ ధర ఆటోమేటిక్ మన దేశంలో సామాన్యుడికి అందుబాటులోకి వచ్చింది. ఆ తరువాత ఉక్కునగరం కాలనీల్లోనూ వీటి వాడకం పెరిగింది. మోకాళ్ల నొప్పులతో క్లచ్ తొక్కలేని విశ్రాంత ఉద్యోగులు, కొత్తగా డ్రైవింగ్ నేర్చిన గృహిణులు వీటి వైపు మొగ్గు చూపడం సహజం. అయితే వాడకం పెరిగిన వేగంతో మరమ్మతు పరిజ్ఞానం పెరగలేదన్నది కాదనలేని వాస్తవం. గేరు కాస్త కుదుపుతో పడితే చాలు, "గేర్‌బాక్స్ పోయింది, మార్చాల్సిందే" అన్న తీర్పు వెలువడుతోంది. వేల రూపాయలతో తీరవలసిన లోపానికి లక్ష దాటిన బిల్లు చెల్లించవలసిన పరిస్థితి పింఛను మీద బతికే కుటుంబానికి చిన్న దెబ్బ కాదు.

పేరు ఒకటే, యంత్రాలు నాలుగు

క్లచ్ పెడల్ లేని ప్రతి కారునూ ఆటోమేటిక్ అనే పిలుస్తున్నా లోపలి యంత్రాలు వేర్వేరు. మొదటిది ఏఎంటీ. ఇది నిజానికి సాధారణ గేర్‌బాక్సే. క్లచ్ తొక్కే పనిని, గేరు మార్చే పనిని మనిషికి బదులు చిన్న యంత్రాంగం చేస్తుంది. రెండవది సీవీటీ. ఇందులో మెట్టుమెట్టుగా గేర్లు ఉండవు. రెండు పుల్లీల మధ్య ఉక్కు బెల్టు నడుస్తూ నిష్పత్తిని నిరంతరం మారుస్తుంది. మూడవది రెండు క్లచ్‌లు గల డీసీటీ. నాలుగవది టార్క్ కన్వర్టర్ గల సంప్రదాయ ఆటోమేటిక్.

టార్క్ కన్వర్టర్ పుట్టింది కారు కోసం కాదు. జర్మన్ ఇంజనీరు హెర్మన్ ఫోటింగర్ 1905లో పేటెంటు పొందిన ఈ సాధనం ఓడల కోసం ఉద్దేశించినది. జనరల్ మోటార్స్ సంస్థ 1939లో హైడ్రామాటిక్ గేర్‌బాక్స్‌ను ప్రకటించడంతో పూర్తి ఆటోమేటిక్ కార్లు పెద్దయెత్తున తయారుకావడం మొదలైంది. నేటి టార్క్ కన్వర్టర్‌లో ఇంజన్ తిప్పే పంపు ఆయిల్‌ను ఎదుటి టర్బైన్ మీదికి చిమ్ముతుంది. ఆ తాకిడికి టర్బైన్ తిరిగి గేర్‌బాక్స్‌ను నడుపుతుంది. దాని వెనుక ప్లానెటరీ గేర్లు, వాటిని పట్టి వదిలే క్లచ్ పలకల కట్టలు ఉంటాయి. ఏ క్లచ్‌కు ఎప్పుడు ఒత్తిడి అందాలో కంప్యూటర్ నిర్ణయించగా, సోలినాయిడ్ వాల్వులు ఆయిల్‌ను అటు మళ్లిస్తాయి.

అందుచేత ఇందులోని ఆయిల్ కేవలం కందెన కాదు. శక్తిని చేరవేసేది, క్లచ్‌లను బిగించేది, వేడిని మోసుకుపోయేది కూడా అదే. ఆయిల్ చెడితే ఈ పనులన్నీ ఒకేసారి కుంటుపడతాయి.

వేడి అసలు శత్రువు

సాధారణంగా 80 నుంచి 95 డిగ్రీల మధ్య పనిచేసే ఈ ఆయిల్, అంతకు మించి కాగిన కొద్దీ వేగంగా గుణం కోల్పోతుంది. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటే దుర్గ్, భిలాయ్ ప్రాంతంలో, ఆగి ఆగి సాగే ట్రాఫిక్‌లో నడిచే కారు కంపెనీల పుస్తకాలలోని "తీవ్ర పరిస్థితుల" వర్గంలోకే వస్తుంది. ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు పండుగలకు, పెళ్లిళ్లకు నిండు బరువుతో ఒడిశా కనుమల మీదుగా విశాఖపట్నం వైపు వెళ్లడం పరిపాటి. అటువంటి ఘాట్ రోడ్డు ప్రయాణాలు కూడా ఆ వర్గంలోనివే. "జీవితకాలం ఆయిల్ మార్చనవసరం లేదు" అన్న మాటను ఈ పరిస్థితుల్లో యథాతథంగా నమ్మడం క్షేమం కాదు. పుస్తకంలో తీవ్ర పరిస్థితులకు వేరుగా ఇచ్చిన గడువునే పాటించాలి.

ఆయిల్ రంగు, వాసన చాలా విషయాలు చెబుతాయి. ఎర్రగా, స్వచ్ఛంగా ఉంటే ఆరోగ్యం. నల్లబడి మాడు వాసన వేస్తే క్లచ్ పలకలు కాలుతున్నాయని అర్థం. పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్‌లోని కూలర్ చిల్లుపడి నీరు చేరిందని అనుమానించాలి. అప్పుడు కారును నడపకుండా వెంటనే ఆపివేయాలి. అడుగు పాన్ విప్పినప్పుడు అయస్కాంతానికి పట్టిన సన్నని బూడిద వంటి పొడి సహజమైన అరుగుదల. లోహపు పెచ్చులు కనిపిస్తే మాత్రం లోపల భాగాలు విరుగుతున్నట్టే.

ఆయిల్ మట్టం చూడడంలోనూ పద్ధతి ఉంది. అనేక కార్లలో ఆయిల్ వేడెక్కిన తరువాత, ఇంజన్ నడుస్తుండగానే చూడాలి. కొన్ని కంపెనీలు ఇంజన్ ఆపి చూడమంటాయి. కొత్త కార్లు చాలావాటికి డిప్‌స్టిక్కే ఉండదు. నిర్ణీత ఉష్ణోగ్రత వద్ద ప్లగ్ విప్పి చూడవలసి ఉంటుంది. పాన్ నుంచి తీసినప్పుడు మొత్తం ఆయిల్ బయటికి రాదు. చాలా భాగం కన్వర్టర్‌లోనే నిలిచిపోతుంది. సీవీటీకి సీవీటీ ఆయిలే పోయాలి. ధర తక్కువని మరొకటి పోస్తే బెల్టుకే ముప్పు.

"ఆయిల్ మార్చాకే గేర్‌బాక్స్ పాడైంది" అన్న ఫిర్యాదు తరచు వినిపిస్తుంది. చాలా సందర్భాల్లో అప్పటికే క్లచ్‌లు అరిగి ఉంటాయి. కనుక ముందుగా కారును నడిపి చూసి, ఉన్న లోపాన్ని యజమానికి తెలిపిన తరువాతే ఆయిల్ మార్చడం ఇద్దరికీ మేలు.

విప్పే ముందు వినాలి

లోపం కనుగొనడం ప్రశ్నలతో మొదలవుతుంది. చల్లగా ఉన్నప్పుడా, వేడెక్కాకా? అన్ని గేర్లలోనా, ఒక్కదానిలోనా? అన్ని గేర్లూ జారుతుంటే ఆయిల్ తగ్గడం, ఫిల్టరు మూసుకుపోవడం, పంపు ఒత్తిడి చాలకపోవడం వంటి ఉమ్మడి కారణాలను వెతకాలి. ఒక్క గేరే జారితే ఆ గేరుకు సంబంధించిన క్లచ్ లేదా సోలినాయిడ్ వైపు చూడాలి. వేడెక్కాకే జారితే, పలుచబడిన ఆయిల్ అరిగిన సీళ్ల నుంచి లోలోపల కారుతున్నట్టు భావించవచ్చు.

ఆ తరువాతదే స్కానర్ వంతు. పీ 0700 అనే కోడ్ వస్తే గేర్‌బాక్స్ పోయిందని కాదు. గేర్ల కంప్యూటర్‌లో మరో కోడ్ నమోదై ఉందని మాత్రమే దాని అర్థం. ఆ రెండవ కోడ్ చదవకుండా ఖరీదు చెప్పడం తొందరపాటు. పీ 0715 వంటివి వేగాన్ని కొలిచే సెన్సర్ లేదా దాని వైరింగును సూచిస్తాయి. బలహీనమైన బ్యాటరీ, తేమ పట్టిన కనెక్టర్ కూడా కారును ఒకే గేరులో బిగించి రక్షణ స్థితిలోకి నెట్టగలవు.

60, 70 కిలోమీటర్ల వేగంలో గరుకు రోడ్డు మీద వెళ్తున్నట్టు వణుకు వస్తే ఒక సులభమైన పరీక్ష ఉంది. నిర్జన రహదారి మీద యాక్సిలరేటర్ అలాగే ఉంచి, బ్రేకు పెడల్‌ను మెల్లగా తాకితే కన్వర్టర్ లోపలి లాకప్ క్లచ్ విడిపోతుంది. వణుకు వెంటనే ఆగితే అనుమానం ఆ క్లచ్ మీదికి పోతుంది. ఆగకపోతే ఇంజన్ మిస్‌ఫైర్‌ను, టైర్లను పరిశీలించాలి. బ్రేకులు బిగించి ఇంజన్ వేగం పెంచి చూసే స్టాల్ పరీక్ష మాత్రం అనుభవజ్ఞులకే పరిమితం కావాలి. అది 5 సెకన్లు మించితే పరీక్షే ప్రమాదమవుతుంది. ఒత్తిడి గేజీ అమర్చి కొలిచి, మిగిలిన కారణాలన్నీ తొలగిన తరువాతే గేర్‌బాక్స్‌ను దించాలి.

యజమాని బాధ్యత

కారు పూర్తిగా ఆగకముందే రివర్స్ వేయకూడదు. ఎత్తు మీద నిలిపినప్పుడు ముందు హ్యాండ్‌బ్రేక్ వేసి, తరువాత పార్క్‌లో పెట్టాలి. ఏఎంటీ, డీసీటీ కార్లను ఎత్తు మీద యాక్సిలరేటర్‌తో పట్టి ఉంచితే క్లచ్ కాలుతుంది. కనుమ దిగేటప్పుడు కింది గేరు ఎంచుకోవాలి. కారు మొరాయిస్తే తాడు కట్టి లాగించడం పెద్ద పొరపాటు. ఇంజన్ ఆగితే ఆయిల్ పంపు కూడా ఆగుతుంది. నడిచే చక్రాలు నేలను తాకకుండా తీసుకువెళ్లాలి.

మరమ్మతుకు ఒప్పుకునే ముందు నాలుగు ప్రశ్నలు అడిగే హక్కు యజమానికి ఉంది. ఏయే కోడ్‌లు వచ్చాయి? ఆయిల్ ఎలా ఉంది? ఒత్తిడి ఎంత? విప్పిన పాత భాగం చూపిస్తారా? సమాధానాలు కాగితం మీద ఉంటే మరో షెడ్డులో రెండవ అభిప్రాయం తీసుకోవచ్చు.

భారీ యంత్రాల నిర్వహణలో గంటల లెక్కన ఆయిల్ మార్చడం, నమూనా తీసి అందులో చేరిన లోహాన్ని ప్రయోగశాలలో పరీక్షించడం స్థిరపడిన పద్ధతి. యంత్రం ఆగాక బాగుచేయడం కంటే ఆగకుండా చూసుకోవడమే చౌక అన్నది గనుల లెక్క. కాలనీలో చెట్టు కింద నిలిపిన చిన్న కారుకూ ఆ లెక్కే వర్తిస్తుంది.