లినక్స్‌లో తెలుగు ఫాంట్ల అమరిక ఫైళ్లు: కమాండ్ లైన్ ద్వారా అన్వేషణ పద్ధతి

వ్యాససంగ్రహం:
ఒక కంప్యూటర్‌లో సిద్ధం చేసిన తెలుగు వ్యాసం మరొక కంప్యూటర్‌లో వేరే ఫాంటుతో తెరుచుకోవడం పరిశోధకులకు పరిచితమైన సమస్య. లినక్స్‌లో ఏ అక్షరానికి ఏ ఫాంటు వాడాలో ఫాంట్‌కాన్ఫిగ్ అనే వ్యవస్థ నిర్ణయిస్తుంది. ఆ నిర్ణయానికి ఆధారమైన నియమాలు కొన్ని కాన్ఫిగరేషన్ ఫైళ్లలో ఉంటాయి. స్థాపితమైన ఒక సాఫ్ట్‌వేర్ ప్యాకేజీకి చెందిన ఇలాంటి ఫైళ్లను కమాండ్ లైన్ నుంచి కనుగొనే పద్ధతిని ఫాంట్‌కాన్ఫిగ్ ఉదాహరణగా వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. ప్యాకేజీ జాబితా చూపే ఫైళ్లకూ, ప్రోగ్రాం నిజంగా చదివే ఫైళ్లకూ మధ్య ఉన్న తేడాను ఇది ప్రధానంగా చర్చిస్తుంది.

కీలకపదాలు: లినక్స్, కమాండ్ లైన్, కాన్ఫిగరేషన్, ఫాంట్‌కాన్ఫిగ్, తెలుగు ఫాంట్లు, ప్యాకేజీ.

1. ఉపోద్ఘాతం:
విండోస్‌లో గౌతమి ఫాంటుతో టైపు చేసిన ఒక సిద్ధాంత గ్రంథాన్ని ఉబుంటు ఉన్న కంప్యూటర్‌లో లిబ్రేఆఫీస్ ద్వారా తెరిచామనుకుందాం. అక్కడ గౌతమి లేకపోతే ఆ స్థానంలో మరో తెలుగు ఫాంటు వస్తుంది. రెండు ఫాంట్లలో అక్షరాల వెడల్పు, ఒత్తుల కోసం విడిచే ఎత్తు ఒకటి కావు. అందువల్ల పంక్తులు మారతాయి, పుటల సంఖ్య మారుతుంది. చేత్తో తయారుచేసిన విషయసూచికలోని పుటసంఖ్యలు తప్పుతాయి. కనుక ప్రత్యామ్నాయ ఫాంటును ఎవరు ఎంచారు, ఏ ఫైలులోని నియమం ప్రకారం ఎంచారు అన్నది పరిశోధకుడు తెలుసుకోవలసిన విషయమే.

ఈ వ్యాసంలో కాన్ఫిగరేషన్ ఫైళ్లను అమరిక ఫైళ్లు అని వ్యవహరిస్తున్నాను. ఆదేశాలను ఉచ్చారణ ప్రకారం తెలుగు లిపిలో రాశాను. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాలతోనే టైపు చేయాలి. పెద్ద అక్షరం అవసరమైన చోట ‘క్యాపిటల్’ అని సూచించాను.

2. అమరిక ఫైళ్ల స్థానం:
లినక్స్ వ్యవస్థల్లో ఏ రకం ఫైలు ఏ డైరెక్టరీలో ఉండాలో నిర్దేశించే ప్రమాణం ఒకటుంది. దీని తొలి రూపం 1994లో వెలువడింది. మూడవ సంచిక 2015లో వచ్చింది. దీని ప్రకారం ఒక కంప్యూటర్‌కు ప్రత్యేకమైన అమరికలు ‘/ఈటీసీ’ డైరెక్టరీలో ఉండాలి. ప్రోగ్రాములు, అవి అందరికీ ఉమ్మడిగా అందించే దత్తాంశాలు ‘/యూఎస్ఆర్’లో ఉంటాయి. ఒక్కొక్క వాడుకరి సొంత అమరికలు అతని హోం డైరెక్టరీలో, సాధారణంగా ‘.కాన్ఫిగ్’ అనే ఫోల్డర్‌లో ఉంటాయి. పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి ఈ ఫోల్డర్ మామూలుగా కంటికి కనిపించదు.

ఈ విభజన తెలిస్తే సగం అన్వేషణ పూర్తయినట్లే. అయితే ‘/ఈటీసీ’లో వందలాది ఫైళ్లు ఉంటాయి. వాటిలో మనకు కావలసిన ప్యాకేజీకి చెందినవి ఏవో వేరు చేయడానికి ప్యాకేజీ నిర్వాహకుని సహాయం తీసుకోవాలి.

3. ప్యాకేజీ జాబితా ద్వారా అన్వేషణ:
3.1 ప్యాకేజీ నుంచి ఫైలుకు: డెబియన్‌లోనూ, దానిపై ఆధారపడిన ఉబుంటులోనూ ప్యాకేజీలను స్థాపించే మూల సాధనం డీపీకేజీ. ఏ ప్యాకేజీ ఏయే ఫైళ్లను తెచ్చిందో అది నమోదు చేసి ఉంచుతుంది. ఆ జాబితాను చూపే ఆదేశం ఇది:

డీపీకేజీ -క్యాపిటల్ ఎల్ ఫాంట్‌కాన్ఫిగ్

ఇదే అక్షరాన్ని చిన్నదిగా టైపు చేస్తే ఫైళ్ల జాబితాకు బదులు ప్యాకేజీ స్థితి, సంచిక వివరాలు వస్తాయి. పై ఆదేశానికి వచ్చే సమాధానంలో ఫాంట్‌కాన్ఫిగ్‌కు చెందిన ఉపకరణాలు కనిపిస్తాయి. కానీ దాని మూల అమరిక ఫైలు మాత్రం కనిపించదు. ఒకే సాఫ్ట్‌వేర్‌ను పలు ప్యాకేజీలుగా విడదీయడం డెబియన్ సంప్రదాయం కావడమే దీనికి కారణం.

3.2 ఫైలు నుంచి ప్యాకేజీకి: ఇలాంటి సందర్భంలో ఎదురు దిశలో వెతకాలి. ఫైలు దారిని ఇచ్చి, అది ఎవరిదని అడగాలి:

డీపీకేజీ -క్యాపిటల్ ఎస్ /ఈటీసీ/ఫాంట్స్/ఫాంట్స్.కాన్ఫ్

ఈ ఫైలు ‘ఫాంట్‌కాన్ఫిగ్-కాన్ఫిగ్’ అనే మరో ప్యాకేజీకి చెందినదని సమాధానం వస్తుంది. ఇప్పుడు ఆ పేరుతో మొదటి ఆదేశాన్ని మళ్లీ ఇచ్చి, నిలువు గీత ద్వారా ఫలితాన్ని గ్రెప్‌కు పంపి, ‘/ఈటీసీ’ ఉన్న పంక్తులను మాత్రమే వడగట్టవచ్చు.

3.3 అమరిక ఫైళ్లుగా ప్రకటించినవి: ‘/ఈటీసీ’లోని ఏయే ఫైళ్లను వాడుకరి మార్చే అవకాశం ఉందో ప్యాకేజీ ముందే ప్రకటిస్తుంది. ఆ పట్టిక ‘/వార్/లిబ్/డీపీకేజీ/ఇన్ఫో’ డైరెక్టరీలో, ప్యాకేజీ పేరు తరువాత ‘.కాన్ఫ్‌ఫైల్స్’ అనే తోకతో ఉంటుంది. ఈ ప్రకటన వల్ల రెండు ప్రయోజనాలున్నాయి. మొదటిది, ప్యాకేజీని మామూలుగా తొలగించినా ఈ ఫైళ్లు మిగులుతాయి. పూర్తిగా తుడిచివేయాలంటే ‘పర్జ్’ ఆదేశం ఇవ్వాలి. రెండవది, వాడుకరి మార్చిన ఫైలుకు కొత్త సంచికలో వేరే పాఠం వస్తే డీపీకేజీ తనంతట తాను దానిని చెరిపివేయదు. పాతది ఉంచాలా, కొత్తది తీసుకోవాలా అని అడుగుతుంది. తేడాలను కూడా చూపుతుంది.

ఫెడోరా మొదలైన ఆర్‌పీఎం ఆధారిత వ్యవస్థల్లో ఈ పని మరింత సులభం. ‘ఆర్‌పీఎం -క్యూసీ’ అన్న ఆదేశం అమరిక ఫైళ్లను మాత్రమే చూపుతుంది. ‘-క్యూఎల్’ అన్ని ఫైళ్లనూ, ‘-క్యూఎఫ్’ ఒక ఫైలు ఏ ప్యాకేజీదో చెబుతాయి.

4. జాబితాకు అందని ఫైళ్లు:
ప్యాకేజీ జాబితా సంపూర్ణమని భావించడం సరికాదు. స్థాపన సమయంలో ప్యాకేజీలో ఉన్న ఫైళ్లనే అది చూపుతుంది. దానికి అందనివి ప్రధానంగా మూడు రకాలు.

మొదటి రకం, స్థాపన తరువాత స్క్రిప్టులు సృష్టించినవి. కీబోర్డు అమరికను తెలిపే ‘/ఈటీసీ/డిఫాల్ట్/కీబోర్డ్’ దీనికి ఉదాహరణ. తెలుగు కీబోర్డును వ్యవస్థ మొత్తానికి ఎంచుకుంటే ఆ సంగతి ఇందులోనే చేరుతుంది. అయినా ఈ ఫైలు ఎవరిదని డీపీకేజీని అడిగితే, అలాంటి దారి తన నమోదులో లేదని అంటుంది.

రెండవ రకం, వాడుకరి హోం డైరెక్టరీలోనివి. ‘.కాన్ఫిగ్/ఫాంట్‌కాన్ఫిగ్/ఫాంట్స్.కాన్ఫ్’ ఇలాంటిదే. దీనిని ఏ ప్యాకేజీ తీసుకురాదు. వాడుకరి గానీ, అతను వాడే ఉపకరణం గానీ దీనిని సృష్టించాలి.

మూడవ రకం, డీపీకేజీ పరిధికి వెలుపల స్థాపితమైన సాఫ్ట్‌వేర్‌వి. ఉబుంటు 22.04 నుంచి ఫైర్‌ఫాక్స్ స్నాప్ రూపంలో వస్తోంది. డీపీకేజీ జాబితాలో కనిపించే ఫైర్‌ఫాక్స్ ప్యాకేజీ ఆ స్నాప్‌కు దారి చూపేది మాత్రమే. అసలు ఫైళ్లు అందులో ఉండవు.

5. ప్రోగ్రాం చదివే ఫైళ్లు:
గ్రంథాలయ సూచిక ఒక కావ్యానికి ఏయే ప్రతులున్నాయో చెబుతుంది. పరిష్కర్త ఏ ప్రతి పాఠాన్ని స్వీకరించాడో తెలియాలంటే పీఠిక చూడాలి. ప్యాకేజీ జాబితా సూచిక వంటిది. పీఠిక వంటి సమాధానం కావాలంటే ప్రోగ్రాంనే అడగాలి.

ఫాంట్‌కాన్ఫిగ్‌లో ఇందుకు ‘ఎఫ్‌సీ-కాన్ఫ్‌లిస్ట్’ అనే ఆదేశం ఉంది. ఇది అమరిక ఫైళ్లను, వాటి దారులను వరుసగా చూపుతుంది. అమలులో ఉన్నవాటి ముందు కూడిక గుర్తు ఉంటుంది. ఈ వరుసకు ప్రాధాన్యం ఉంది. ‘/ఈటీసీ/ఫాంట్స్/కాన్ఫ్.డీ’లోని ఫైళ్ల పేర్లు అంకెలతో మొదలవుతాయి. ఆ క్రమంలోనే వాటిని చదవడం జరుగుతుంది. వాడుకరి సొంత ఫైలును చదివించే నియమం 50వ సంఖ్య గల ఫైలులోనూ, వ్యవస్థ స్థాయిలో స్థానికంగా చేర్చిన నియమాలను చదివించేది 51వ సంఖ్య గల ఫైలులోనూ ఉంటాయి. ఈ డైరెక్టరీలోని చాలా పేర్లు అసలు ఫైళ్లు కావు. ‘/యూఎస్ఆర్/షేర్/ఫాంట్‌కాన్ఫిగ్/కాన్ఫ్.అవైల్’లోని ఫైళ్లకు వేసిన లింకులు. అసలు దారి తెలియడానికి ‘రీడ్‌లింక్ -ఎఫ్’ ఉపకరిస్తుంది.

ఇలాంటి ప్రత్యేక ఆదేశం లేని సాఫ్ట్‌వేర్‌కు ‘ఎస్‌ట్రేస్’ పనికివస్తుంది. దీనితో ప్రోగ్రాంను నడిపి, ‘ఓపెన్‌యాట్’ అనే పిలుపులను మాత్రమే చూపమని కోరితే, అది తెరిచిన ప్రతి ఫైలు దారీ కనిపిస్తుంది. వెతికి దొరకని ఫైళ్లు కూడా కనిపించడం దీని ప్రత్యేకత. ఒక ప్రోగ్రాం ఎక్కడ అమరిక ఫైలు ఉంటుందని ఆశిస్తుందో దీనివల్ల తెలుస్తుంది.

6. అనువర్తనం: గౌతమి స్థానంలో ఏ ఫాంటు?
ఉపోద్ఘాతంలోని సమస్యకు ఈ పద్ధతిని అన్వయించవచ్చు. మొదట, ‘ఎఫ్‌సీ-మ్యాచ్’ ఆదేశానికి ఫాంటు పేరుగా గౌతమి, భాషగా తెలుగు సంకేతం ‘టీఈ’ ఇవ్వాలి. ఆ రెండింటి మధ్య కోలన్, ‘ల్యాంగ్’ అనే మాట, సమాన గుర్తు ఉంటాయి. సమాధానంగా ప్రత్యామ్నాయ ఫాంటు పేరు వస్తుంది. భాషను పేర్కొనకపోతే తెలుగు అక్షరాలు లేని ఫాంటు పేరు కూడా రావచ్చు. తరువాత, ‘ఎఫ్‌సీ-కాన్ఫ్‌లిస్ట్’ ద్వారా అమలులో ఉన్న ఫైళ్లను తెలుసుకొని, గ్రెప్‌తో వాటిలో ఆ ఫాంటు పేరు ఎక్కడ ఉందో వెతకాలి. ఏ నియమంలోనూ లేకపోతే, స్థాపితమైన ఫాంట్లలో తెలుగుకు సరిపోయేది అన్న కారణంతోనే అది ఎంపికైందని గ్రహించాలి.

ఎంపికను మార్చాలనుకుంటే ‘/యూఎస్ఆర్’లోని ఫైళ్లను తాకకూడదు. ప్యాకేజీ నవీకరణ జరిగినప్పుడు ఆ మార్పులు హెచ్చరిక లేకుండా చెరిగిపోతాయి. హోం డైరెక్టరీలోని ఫైలులో, గౌతమిని అడిగినప్పుడు పోతన 2000 ఇవ్వాలనే నియమం చేర్చడం మేలు. ఆ ఫాంటు కంప్యూటర్‌లో ముందే ఉండాలి. తరువాత ఎఫ్‌సీ-మ్యాచ్‌ను మళ్లీ నడిపి, మార్పు అమలైందో లేదో నిర్ధారించుకోవాలి. దీనితో ఫాంటు ఎంపిక స్థిరపడుతుంది. పుటల అమరిక మాత్రం గౌతమిలో ఉన్నట్లే ఉండదు. అది యథాతథంగా కావాలంటే ఫాంటును పొందుపరచిన పీడీఎఫ్ ఇవ్వడమే మార్గం.

7. ముగింపు:
పై చర్చ ఆధారంగా ఈ అంశాలను పేర్కొనవచ్చు.
• అమరిక ఫైళ్ల అన్వేషణను ప్యాకేజీ జాబితాతో మొదలుపెట్టాలి. అక్కడ కనిపించకపోతే తెలిసిన ఫైలు దారి నుంచి ప్యాకేజీకి వెనక్కు వెళ్లాలి.
• స్క్రిప్టులు సృష్టించినవి, వాడుకరి సొంతవి, స్నాప్ వంటి రూపాల్లో వచ్చినవి ఆ జాబితాలో ఉండవు.
• ఏ నియమం అమలవుతోందో చెప్పడానికి ప్రోగ్రాం చదివిన ఫైళ్లే ప్రమాణం.
• మార్పులను వాడుకరి స్థాయిలో చేసి, ఆ ఫైలు ప్రతిని పరిశోధన పత్రాలతో పాటు భద్రపరచాలి. కంప్యూటర్ మారినప్పుడు అదే ఫాంటు ఎంపికను తిరిగి పొందడానికి, ఫాంటుతో పాటు ఆ చిన్న ఫైలు అవసరమవుతుంది.