మామిడి పెట్టెలకు కార్డు సొమ్ము: సంతకానికి ముందే చూసుకోండి

మామిడిపండ్లను నేరుగా పట్నం ఇళ్లకు పంపే రైతులు క్రెడిట్ కార్డుపై సొమ్ము తీసుకోవాలంటే మధ్యలో చెల్లింపుల సంస్థ ఒకటి కావాలి. కమీషన్ తక్కువని తొందరపడొద్దు. రిజర్వు బ్యాంకు వెబ్‌సైట్‌లో అనుమతి పొందిన పేమెంట్ అగ్రిగేటర్ల జాబితా ఉంటుంది. అందులో పేరుందో లేదో ముందు చూసుకోవాలి. అనుమతి ఉన్న సంస్థ మీకు రావలసిన సొమ్మును బ్యాంకులో విడిగా, ఎస్క్రో ఖాతాలో ఉంచాలి.

ఫోన్‌లో కార్డు నంబరు అడిగి రాసుకోవడం అసలే వద్దు. 2022 అక్టోబరు 1 నుంచి వ్యాపారులు పూర్తి నంబరు దాచుకోకూడదు.

అసలు చిక్కు మరొకటుంది. పండు కుళ్లిందనో, చేరలేదనో కొన్నవారు తమ బ్యాంకుకు ఫిర్యాదు చేస్తే సొమ్ము వెనక్కి పోవచ్చు. దీన్నే చార్జ్‌బ్యాక్ అంటారు. తినేసిన పండు వాపసు రాదు కదా! జవాబివ్వడానికి ఎన్ని రోజుల గడువో ఒప్పందంలో చదవాలి. పార్శిల్ రసీదు, పెట్టె కట్టేటప్పటి ఫొటో దాచుకోవాలి.