ఆలుగడ్డకూ రెయిన్-ఎక్స్‌కూ పోటీ

నడివానలో వైపర్ మొరాయిస్తే పాత డ్రైవర్లు చెప్పే చిట్కా ఒకటే: సగం కోసిన ఆలుగడ్డనో, ఇంత పొగాకునో అద్దానికి రుద్దు. కోహీర్ నుంచి జహీరాబాద్ వెళ్లే ఆటోకి ఇది చాలు. ఎందుకు చాలంటే, మన చూపుకి అడ్డం నీళ్లు కాదు, చుక్కలు. ప్రతి చుక్కా ఒక బుల్లి కటకమై ఎదురు బండి లైటును చెదరగొడుతుంది. ఆలుగడ్డ రసం నీటిని సమంగా పరుస్తుంది. చుక్కే లేకపోతే చెదరడమూ లేదు.

అమెరికాలో యునెల్కో కంపెనీ 1972లో అమ్మకానికి తెచ్చిన అద్దాల పూత రెయిన్-ఎక్స్‌ది సరిగ్గా తలకిందుల ఉపాయం: నీటిని అసలు అంటనివ్వకు. గాజు సిలికాన్, ఆక్సిజన్‌ల అల్లిక. దాని పైన నిలిచే ఓహెచ్ గుంపులకి నీళ్లంటే మహా ఇష్టం. సీసాలోని ఆమ్లం సాయంతో సిలికోన్ గొలుసులు ఆ గుంపులనే పట్టుకుని గాజుకి అతుక్కుంటాయి. వాటిని కరిగించి ఉంచిన ఆల్కహాల్ ఆవిరైపోతుంది. ఇక బయటికి కనిపించేవి ఆ గొలుసుల మిథైల్ గుంపులే. నీటికి వాటితో పొత్తు కుదరదు. చుక్క ముడుచుకుని గుండ్రబడుతుంది.

"మరి చామాకు మీద ఇంకా బాగా దొర్లుతుంది కదా సార్?" అని క్లాసులో ఒక పిల్లవాడు అడిగాడు. దొర్లుతుంది. ఆ ఆకు మీద సూక్ష్మమైన మైనపు బొడిపెలుంటాయి, వాటి సందుల్లో గాలి చిక్కుకుంటుంది. చుక్క ఆనేది బొడిపెల కొసల మీదే. అక్కడ స్పర్శకోణం, అంటే చుక్క అంచు ఆకుతో చేసే కోణం, 150 డిగ్రీలు దాటుతుంది. కారు అద్దానికి బొడిపెలు పెడితే వైపర్ అరగదీస్తుంది, కాస్త పెద్దవైతే వెలుగూ చెదురుతుంది. అందుకే నున్నటి పొరతో, 100 డిగ్రీల పైచిలుకు కోణంతో సరిపెట్టుకోవాలి. అంటే చుక్క తనంతట తాను జారిపోదు, ఎదురుగాలి నెట్టాలి. గంటకు 60 కిలోమీటర్లు దాటితేనే అసలు తమాషా. సన్నటి తుంపర్లో, నెమ్మది బండి మీద, చుక్కలు అక్కడే కూర్చుని ఇంకా విసిగిస్తాయి.

కార్లు దాటి విమానాలకు వస్తే కథ చిన్నదే. బోయింగ్ విమానాల్లో పైలట్ మీట నొక్కి ఇలాంటి ద్రవాన్ని అద్దం మీదికి చిమ్మేవాడు. అందులోని ద్రావణి ఓజోన్‌కి చేటని 1990లలో మానేసి, అద్దానికే పూత వేశారు.

నా తీర్పు: 65వ నంబరు జాతీయ రహదారి మీద కారుకి సిలికోన్, ఊళ్లో ఆటోకి ఆలుగడ్డ. పూత వేసేవాళ్లు తొలకరికి ముందే, అద్దం కడిగి పూర్తిగా ఆరాక వేయండి. వైపర్ మాత్రం తీసేయకండి.