ఒక్క చెట్టు, చుట్టూ తెలుపు

బొమ్మ గీస్తున్న పిల్లలకు మనం తరచూ చెప్పే మాట: “ఖాళీ లేకుండా రంగులు వెయ్యి.” పేజీ నిండితేనే పని పూర్తయిందని మన లెక్క. కానీ ఖాళీకే పెద్ద పీట వేసే ఫోటోలు ఉన్నాయి. మంచు కప్పిన నేల, తెల్లని ఆకాశం, మధ్యలో ఒక చెట్టు. అంతే. వీటిని మినిమలిస్ట్ ఫోటోలు అంటారు. ఈ నెల మీ పిల్లలతో కలిసి వీటిని చూడండి.

హొక్కైడో చలికాలం

హొక్కైడో జపాన్‌కు ఉత్తరాన ఉన్న పెద్ద ద్వీపం. చలికాలంలో సైబీరియా గాలులు సముద్రం మీది తేమను మోసుకొచ్చి ఇక్కడ మంచు కురిపిస్తాయి. పొలాలు, గట్లు, దారులు అన్నీ దాని కింద దాగిపోతాయి. 1953లో ఇంగ్లండ్‌లో పుట్టిన ఫోటోగ్రాఫర్ మైఖేల్ కెన్నా ఇక్కడికి ఎన్నోసార్లు వచ్చి నలుపు తెలుపు ఫోటోలు తీశారు. కుష్షారో సరస్సు ఒడ్డున నీటివైపు ఒరిగిన ఒక చెట్టును 2002లో తీశారు. ఆ తర్వాతా దాని దగ్గరికి మళ్లీ మళ్లీ వెళ్లారు.

ఆ ప్రశాంతత ఎలా వస్తుంది?

కెన్నా ఫిల్మ్ కెమెరా వాడతారు. షట్టర్‌ను ఒక్కోసారి నిమిషాలపాటు, రాత్రిపూట అయితే గంటల తరబడి తెరిచి ఉంచుతారు. అంతసేపట్లో అలల కదలిక చెరిగిపోయి నీరు నున్నగా, పొగలా కనిపిస్తుంది. కదలనిది మాత్రమే స్పష్టంగా మిగులుతుంది. ప్రింట్లు కూడా చిన్నవే, సుమారు 20 సెంటీమీటర్ల చదరాలు. దగ్గరికి వెళ్లి, ఒక్కొక్కరుగా చూడాల్సిందే.

ఫోటోలోని నిశ్శబ్దం కూడా కల్పన కాదు. కొత్తగా కురిసిన మంచు రేణువుల మధ్య గాలి నిండిన సందులుంటాయి. అవి శబ్దాన్ని పీల్చేసుకుంటాయి. అందుకే మంచు పడ్డాక ఊరు నిజంగానే సద్దుమణుగుతుంది.

ఒంటరితనమా, ఏకాంతమా?

చెట్టు చాలా చిన్నదై, ఓ మూలకు ఒదిగి, పైన నల్లని మబ్బు కమ్మితే చూసేవారికి దిగులు కలుగుతుంది. అదే చెట్టు చుట్టూ వెలుతురు, చోటు ఉండి, కొమ్మలు విడివిడిగా కనిపిస్తే హాయిగా ఉంటుంది. రెండు ఫోటోల్లోనూ ఉన్నది ఒక్క చెట్టే. ఒకటి ఒంటరితనం, ఇంకొకటి ఏకాంతం.

హొక్కైడోలోని బియేయ్‌లో పొలం మధ్య ఒక పాప్లర్ చెట్టు ఉండేది. ‘తత్వవేత్త చెట్టు’గా పేరుపడింది. కెన్నా దాన్ని కూడా ఫోటో తీశారు. చూడటానికి జనం పెరిగారు. వద్దన్నా పొలంలోకి దిగేవారు. చెట్టు కూడా పాతబడి బలహీనపడింది. చివరికి 2016లో పొలం యజమాని దాన్ని కొట్టేయించారు. ఏకాంతాన్ని వెతుక్కుంటూ వచ్చిన గుంపే అక్కడ ఏకాంతం లేకుండా చేసింది.

ఇంట్లో ప్రయత్నించండి

• మనకు మంచు కురవదు, కానీ డిసెంబరు, జనవరి తెల్లవారుజామున పొగమంచు ఉంటుంది. చెరువుగట్టు మీది తాటిచెట్టు, మైదానంలో గోల్‌పోస్ట్, డాబా మీద నీళ్ల ట్యాంకు, ఏదైనా ఒక్కటే ఎంచుకోమనండి.

• ఎటు చూసినా తెలుపే ఉంటే కెమెరా పొరబడి దాన్ని బూడిద రంగుగా చూపిస్తుంది. ఫోన్ తెరపై తాకి, వెలుతురు గుర్తును కొంచెం పైకి జరిపితే తెలుపు తెల్లగా వస్తుంది.

• అరగంట సమయం, ఒకే ఒక్క ఫోటో. ఆ అరగంట మీరు పక్కనే ఉండండి, కానీ సలహాలు ఇవ్వకండి.

తర్వాత ఒక్క ప్రశ్న అడగండి: “ఈ చెట్టుకు ఎలా ఉందంటావు?” ‘పాపం, ఒక్కటే ఉంది’ అనవచ్చు. ‘హాయిగా ఉంది, ఎవరూ విసిగించట్లేదు’ అనవచ్చు. రెండూ సరైన జవాబులే. బడి, ట్యూషన్, హోంవర్క్ మధ్య పిల్లలు మనతో చెప్పలేకపోయిన మాట ఒక్కోసారి ఇలా బయటికొస్తుంది. మొదటి జవాబు వస్తే ఆ సాయంత్రం కాసేపు వాళ్లతో కూర్చోండి. రెండోది వస్తే వాళ్లకంటూ కాస్త తీరిక ఇవ్వండి.