ఎండకు ఆగిన బండిని చల్లారకముందే చూడాలి

వేసవి సెలవులకు అనంతపురం వెళ్లే మనవాళ్ల ఇళ్లలో నాన్నగారి మారుతి 800 ఇంకా కొన్నిచోట్ల ఉంది. 2014 జనవరితో తయారీ ఆగినా, మన జిల్లాలో అది ఇంటి మనిషే. కానీ మే నెలలో ఎండ 40 డిగ్రీలు దాటాక గుత్తి దగ్గర టీకి ఆపితే మళ్లీ స్టార్ట్ కాదు. కాసేపు నీడలో ఉంచితే ఏమీ జరగనట్టు కదులుతుంది. ఇంజన్ల పరీక్షలే నా వృత్తి కనుక దీని గురించే రాస్తున్నాను.

బండి నడుస్తుంటే గాలి తగులుతుంది. ఆపగానే గాలీ నీళ్ల ప్రవాహమూ నిలిచి, ఇంజను వేడి కార్బురేటరుకు, పెట్రోలు పంపుకు ఎక్కుతుంది. పెట్రోలులోని తేలిక భాగాలు 40 డిగ్రీల దగ్గరే మరగడం మొదలుపెడతాయి. పైపులో ఆవిరి నిండితే పంపు లాగలేదు. దీన్నే వేపర్ లాక్ అంటారు. అయితే వేడికి చచ్చుబడే ఇగ్నిషన్ కాయిల్ కూడా అచ్చం ఇలాగే ఆపుతుంది, చల్లారితే పనిచేస్తుంది.

చిక్కంతా ఇక్కడే. షెడ్డుకు చేరేసరికి బండి చల్లబడి అన్నీ బాగానే కనిపిస్తాయి. మా బండికి ఒక షెడ్డులో ముందు పంపు మార్చారు, తర్వాత కార్బురేటరు విప్పారు. లోపం మాత్రం కాయిల్‌ది. అందుకే ఆగిన చోటే, వేడి మీదే చూడాలి.

దయచేసి వరుస తప్పకండి. ముందు నిప్పురవ్వ, ఆ తర్వాతే పెట్రోలు. బానెట్ ఎత్తాక పెట్రోలు వాసన వస్తుంటే నిప్పురవ్వ జోలికి అసలు పోవద్దు. వాసన లేకపోతే ఒక ప్లగ్గు వైరు ఊడదీసి, దానికి వేరే ప్లగ్గు తగిలించి, రబ్బరు పిడి ఉన్న కటింగ్ ప్లేయరుతో పట్టుకుని ఇంజను ఇనుముకు ఆనించండి. ఇంకొకరు సెల్ఫ్ కొట్టాలి. నీలంగా, గట్టిగా రవ్వ పడకపోతే అనుమానం కాయిల్ మీద, డిస్ట్రిబ్యూటరు లోపలి పికప్ మీద. రవ్వ బాగుంటే తాళం తీసేసి, ఎయిర్ ఫిల్టరు మూత విప్పి, యాక్సిలరేటరు మీటను చేత్తో లాగండి. కార్బురేటరు గొంతులో పెట్రోలు చిమ్మకపోతే అది రావడం లేదన్నమాట. ట్యాంకు మూత తెరిస్తే గాలి లోపలికి పీల్చుకుని బండి కదిలిందా, మూత రంధ్రం పూడింది. కదలకపోతే పంపు మీద తడిగుడ్డ వేయండి. అంబాసిడర్ నడిపిన మన డ్రైవర్లకు ఇది చదువుతో పనిలేకుండా తెలిసిన విద్య. వేడి కాయిల్ మీద మాత్రం నీళ్లు పోయకండి, రేడియేటరు మూత ముట్టకండి.

ఇదంతా కార్బురేటరు బండికి. కార్బురేటరుకు బదులు ఇంజెక్షన్ ఉన్న బండిలో అయితే తాళం తిప్పగానే ట్యాంకులో పంపు గుయ్‌మనాలి. పెట్రోలు పైపులు విప్పకండి, ఒత్తిడితో ఎగజిమ్ముతుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలు. పాత రబ్బరు పైపులు దానికి తట్టుకోవు, మార్పించండి.

2019 నుంచి పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కార్లు తయారవుతున్నాయి. బండ్ల విద్యలో మన నేల ఎవరికీ తీసిపోదు. ఈసారి పిల్లలను తాతగారి కారులోనే లేపాక్షికి, తిమ్మమ్మ మర్రిమానుకు తీసుకెళ్లండి. ఉదయం ఆరుకే బయల్దేరండి. డిక్కీలో ప్లగ్గు, కటింగ్ ప్లేయరు, మంచి కాయిల్ ఒకటి, పాతగుడ్డ ఉంచండి. తాగే నీళ్లు వేరే, పంపుకు నీళ్లు వేరే.